నైరుతి ట్యాంకు, దక్షిణపు ఎండ

సతీష్,

శాలిబండలో నువ్వు పని నేర్చుకుంటున్న డాబా మీద సోలార్ ప్యానెళ్లకు ఎంత వాలు పెట్టాలని అడిగావు. మన హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. కదలకుండా బిగించే ప్యానెల్‌కు వాలు కూడా దాదాపు అంతే, ముఖం దక్షిణానికి. ప్యానెల్ రెండు మీటర్ల పొడవుంటే వెనక కాళ్లను ముందు కాళ్లకంటే 60 సెంటీమీటర్లు ఎత్తు లేపు. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే బెంగపడకు. ఎండ పది డిగ్రీలు పక్కవాటుగా తగిలినా తగ్గేది నూటికి ఒకటిన్నర వంతే. అలాగని మరీ చదునుగా పరిస్తే వాన నీళ్లు జారక దుమ్మంతా కింది అంచున పేరుకుంటుంది.

దిక్కు కోసం ఫోన్‌ను నమ్మకు, స్లాబులో ఇనుముంది. చార్మినార్ కమాన్లు నాలుగు దిక్కులకూ తెరుచుకుంటాయి గానీ మన గల్లీలు వంకరగా పోతాయి, కాబట్టి గోడనూ నమ్మకు. దారానికి బరువు కట్టి వేలాడదీసి, దారంలో ఒక ముడి వెయ్యి. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ఐదు నిమిషాలకోసారి ఆ ముడి నీడ మీద సుద్దతో చుక్క పెట్టు. బరువు కింది చోటుకు అన్నిటికన్నా దగ్గరగా పడిన చుక్కను ఆ చోటుతో కలిపితే వచ్చేదే ఉత్తర దక్షిణ రేఖ. ఆ చుక్క పన్నెండింటికి పడుతుందనుకోకు. మన గడియారం కాకినాడ దగ్గరి రేఖాంశానిది. మనం దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు. సగటున 12:16, నెలను బట్టి పావుగంట అటూ ఇటూ. మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికే పడుతుంది, ఆ రోజుల్లో తికమకపడకు.

డిగ్రీలకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది నీడ. ప్యానెల్‌లో సెల్స్ ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి. ఒక్క సెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం కరెంటు పడిపోతుంది. మనవాళ్లు వాస్తు చూసి వాటర్ ట్యాంకు నైరుతిలో పెడతారు. డిసెంబర్ చివర మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు సరిగ్గా ఆ నైరుతిలోనే, దాదాపు 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు ట్యాంకు నీడ దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు సాగి ఈశాన్యం వైపు, డాబా నడిమధ్యకు పడుతుంది. చాలామంది ఫ్రేమ్ నిలబెట్టేది అక్కడే! ట్యాంకు జరపమంటే ఇంటి పెద్దలు ఒప్పుకోరు, బలవంతం చెయ్యకు. ఆగ్నేయ మూలన, పిట్టగోడ నీడ తగలనంత ఎడంగా వరుస పెట్టు. చోటు చాలకపోతే ఒక ప్యానెల్ తగ్గించమని ముందే చెప్పు.

మీ పెద్దనాన్న