ఎర్ర మూతా, నారింజ మూతా?

ప్రశ్న: నాన్నగారు రోజూ 20 యూనిట్ల ఇన్సులిన్ వేసుకుంటారు. ఈసారి మందుల షాపులో నారింజ మూత సిరంజి ఇచ్చారు. వాడొచ్చా?

జవాబు: ముందు సీసా మీది అంకె చూడండి. మన దగ్గర ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్. దానికి ఎర్ర మూత సిరంజే వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల సీసాకు. మీది 40 సీసా అయితే, ఆ సిరంజితో 20 గీత దాకా లాగినా ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే, షుగర్ దిగదు. దీనికంటే నాకు భయం తిరగేసి జరిగే పొరపాటు: 100 సీసా మందు ఎర్ర మూత సిరంజితో తీస్తే 20 కాస్తా 50 అవుతుంది, షుగర్ బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే, మనిషి స్పృహలో ఉంటే, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

అన్నట్టు, పొట్ట మీద రోజూ ఒకేచోట గుచ్చుతున్నారేమో తడిమి చూడండి. గడ్డకట్టిన చోట మందు సరిగా ఇంకదు.