కల్పితభాషకు పూర్వచరిత్ర

చిరంజీవి అబ్బాయికి,

నీవు పంపిన నోటుపుస్తకము చేరినది, సావకాశముగా చదివితిని. నీవు కల్పించుచున్న భాషకు వర్ణమాలయు, నామవిభక్తులును చక్కగా అమర్చుకొంటివి గాని, క్రియాపదముల పట్టిక చూచినపుడు మాత్రము నీకు నాలుగు మాటలు వ్రాయవలెనని తోచినది. అందులో కొన్ని ధాతువులు ఒకే తీరున నడచుచుండగా, తక్కినవానికి నీకు తోచిన రూపములు పెట్టి, ప్రక్కన ‘అపవాదములు, అందముకొఱకు’ అని గుర్తు వ్రాసికొంటివి. నాయనా, ఏ భాషలోను అపవాదమును ఎవరును కోరి పెట్టలేదు. ఒకప్పుడు క్రమము తప్పక నడచిన నియమమే, ధ్వనులు మారి దాని కారణము మరుగుపడిన పిమ్మట, తరువాతి తరములవారి కంటికి అపవాదమై కనబడును. కావున నీవు అపవాదములను కల్పింపవలదు. వానిని కనునట్టి పూర్వచరిత్రను కల్పింపుము.

అయితే ఈ శ్రమ అందఱు భాషాకర్తలకును అక్కఱ లేదు. 1880 ప్రాంతమున ష్లేయర్ అను జర్మను మతాచార్యుడు వెలువరించిన వోలాప్యూక్ భాషలో క్రియ కాలవాచకమును ముందును, పురుషవాచకమును వెనుకను తగిలించుకొని నడచును. ‘లొఫోబ్’ అనిన ప్రేమింతునని యర్థము, దానికి ముందు ఒకారము చేర్చి ‘ఒలొఫోబ్’ అనినచో భవిష్యత్కాలము. 1887లో వార్సా నగరమున జామెన్‌హాఫ్ ప్రకటించిన ఎస్పరాంటోలో ఆ పురుషభేదము కూడ లేదు: ‘అస్’ వర్తమానమునకు, ‘ఇస్’ భూతమునకు, ‘ఓస్’ భవిష్యత్తునకు, ఇంతటితో కాలముల పాఠము ముగిసినది. నానాదేశములవారు త్వరగా నేర్చుకొనవలెనన్న సంకల్పముతో పుట్టిన భాషలు గనుక వానికి క్రమమే భూషణము. నీ భాష యట్టిది కాదు. సముద్రమధ్యమున తరతరములుగా నివసించిన ఒక జాతి పలుకుబడియని నీవే వ్రాసితివి. అట్టి భాషకు వయస్సు కనబడవలెను.

ఈ మార్గమున నీకు గురుస్థానీయుడు టోల్కీన్. 1925 మొదలు ఆక్స్‌ఫర్డులో ప్రాచీనాంగ్లభాషాచార్యుడుగా నుండిన ఆయన, కథలకంటె ముందే భాషలు కల్పించుటకు మొదలిడి, 1931లో ఒక ఉపన్యాసమున దీనిని తన రహస్యవ్యసనముగా చెప్పుకొనెను. ఫిన్నిషు భాష సొగసు నచ్చి క్వెన్యాను, వెల్షు భాష సొగసు నచ్చి మొదట నోల్డోరిన్ అనియు పిమ్మట సిందరిన్ అనియు పేరొందిన రెండవ భాషను ఆయన నిర్మించెను గాని, రెండింటిని వేఱువేఱుగా అల్లక, ఒక మూలభాషను ఊహించి, దానినుండి ధ్వనిపరిణామముల వెంట వానిని దింపుకొనివచ్చెను.

ఒక్క ధాతువును దగ్గఱగా చూడుము. తినుట యను అర్థముగల ‘మత్’ ధాతువునకు క్వెన్యాలో భూతరూపము ‘మంతె’. చేయుట యను అర్థముగల ‘కర్’ ధాతువునకు ‘కర్నె’. ఎగురుట యను అర్థముగల ‘విల్’ ధాతువునకు ‘విల్లె’. పైపైన చూచినవానికి ఇవి మూడు దారులు; పరికించినవానికి నకారముతో గూడిన ఒకే ప్రత్యయము, రేఫ తరువాత చెక్కుచెదరక నిలిచి, లకారము తరువాత దానిలో కలిసిపోయి, తకారమున్నచోట ధాతువు లోపలికి చొచ్చుకొనిపోయినది. ఇక 1930ల చివర ఆయన కూర్చిన ధాతుకోశములో ఇదే ‘మత్’ ధాతువు నోల్డోరిన్‌లో ‘మెది’ యనియు, దాని భూతరూపము ‘మంత్’ అనియు కనబడును. ‘మెది’కి మూలము ‘మతియె’. వెనుకనున్న ఇకారము ముందున్న అకారమును ఎకారముగా లాగినది; రెండు అచ్చుల నడుమ చిక్కిన తకారము దకారమైనది; కొనయందలి అచ్చు జారిపోయినది. భూతరూపమున ఇకారమును లేదు, తకారమునకు నకారము అడ్డుగా నిలిచినది. కావున అకారమును తకారమును అట్లే మిగిలినవి. నేర్చుకొనువానికి ఇది వల్లెవేయవలసిన జంట. కల్పించినవానికి మాత్రము ఇందులో ఒక్క అక్షరమైనను నిష్కారణముగా మారలేదు.

ఇది పరభాషల వింత యని తలపకుము. నీవు ‘చేస్తాడు, వస్తాడు’ అనుచునే, ‘తింటాడు, కొంటాడు, వింటాడు’ అనుచున్నావు. ఆ తకారము నకారము ప్రక్కకు చేరగనే టకారమగునని నీకెవరును బోధింపలేదు. మన ‘పోవు’కు సాటియగు మాట కన్నడమున, పదాదిపకారము హకారమై, ‘హోగు’ అయినది. ‘పాలు’ ‘హాలు’ అయినది. ‘పులి’ ‘హులి’ అయినది. మార్పు ఒక మాటను చూచి వచ్చునది కాదు, ఒక ధ్వనిని పట్టి వచ్చును. ఆ ధ్వని ఆ స్థానమున ఎక్కడ ఉండిన అక్కడనెల్ల తన పని చేసికొనిపోవును. ఈ దృష్టితో మన క్రియలనే పరిశీలింపదలచితివేని, భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువులను గూర్చి ఆంగ్లమున వ్రాసి 1961లో ప్రకటించిన గ్రంథమును చదువుము.

ఇక పద్ధతి. మొదట మూలభాషలో క్రియలన్నియు నిరపవాదముగా నడచునట్లు పట్టిక వ్రాసికొనుము. తరువాత నాలుగైదు ధ్వనిపరిణామములు మాత్రమే ఎన్నుకొని, ఏది ముందో ఏది వెనుకో నిర్ణయింపుము. ఈ వరుసయే ఫలమును మార్చును. నీ పట్టికలోని ‘కెతి’ అను రూపమునే తీసికొందము. అచ్చుల నడుమ తకారము దకారమగుననునది మొదటి మార్పు, పదాంతహ్రస్వము లోపించుననునది రెండవ మార్పు అయినచో ‘కెతి’ ‘కెది’యై తుదకు ‘కెద్’ అగును. అవే మార్పులు తాఱుమాఱైనచో, ఇకారము ముందే లోపించి, తకారమునకు అచ్చుల నడుమ నుండు అవస్థ తప్పి, ‘కెత్’ అనియే నిలుచును. ఈ రెండు రూపములలో నీకు నచ్చినదానిని ఎన్నుకొనుము గాని, ఎన్నుకొన్న వరుసను తక్కిన ధాతువులన్నిటికిని వర్తింపజేయుము. ఒకచోట రూపము నీ చెవికి ఇంపుగా లేదని నియమమును సడలించితివా, చరిత్ర యంతయు బూటకమగును.

పరిణామముల పిమ్మట సాదృశ్యము వచ్చును. జనులు అరుదుగా వాడు క్రియల చిక్కురూపములను మఱచి, పదిమంది నడచిన దారినే వానిని నడిపింతురు. ఇంగ్లీషులో ‘హెల్ప్’ ధాతువునకు పూర్వముండిన ‘హోల్ప్’ అను భూతరూపము పోయి ‘హెల్ప్‌డ్’ వచ్చుట ఇట్టిదే. దినదినము నోట నానునవి మాత్రము లొంగవు. ‘వచ్చు, రమ్ము, రాడు’, ‘తెచ్చు, తెమ్ము, తేడు’: ఇవి మన ఇండ్లలో తెల్లవాఱినది మొదలు వినబడు మాటలు గనుకనే తమ వక్రతను నిలుపుకొన్నవి. నీ పట్టికలో ఉండుట, పోవుట, ఇచ్చుట వంటివి నున్నగా నుండి, ఓడకు తారు పూయుట యను క్రియ మాత్రము మహావక్రముగా నున్నది! దీనిని తలక్రిందులు చేయుము.

క్రియ ఒంటరిగా నుండదనియు మఱవకుము. సిందరిన్‌లో మాట యను అర్థముగల ‘పెథ్’ క్రియకు కర్మ యగునప్పుడు ‘బెథ్’ అగును. మన చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున చెప్పిన గసడదవాదేశముచే ‘వాడు పోయె’ అనునది ‘వాడు వోయె’ యగుట నీవు బడిలో చదివినదే. నీ క్రియల మొదటి అక్షరములు, ముందున్న పదమును బట్టి ఏమగునో, దానికిని ఒక కారణము పూర్వభాషలో వెదకిపెట్టుము.

ఇప్పటికి పది ధాతువులు చాలును. ఒక్కొక్కదానికి మూలరూపము, దాని క్రింద ఒక్కొక్క మార్పు తరువాత నిలిచిన రూపము, తుదకు సాదృశ్యము దిద్దినచో ఆ దిద్దుబాటు, ఈ వరుసన వ్రాసి పంపుము. పాతపట్టికను చింపివేయవలదు, అందులో నీవు అందముకొఱకు పెట్టిన రూపములలో ఏవి కారణసహితముగా తిరిగివచ్చునో సరిచూచుకొనుటకు అది పనికివచ్చును. పరీక్షలు ముగిసిన పిమ్మటనే ఈ పనికి పూనుకొనుము. మీ అమ్మకును నాన్నకును నా ఆశీస్సులు తెలుపుము.

ఇట్లు,
ఆశీఃపూర్వకముగా,
నీ పెదతాత