భాష రాకనా, చెవి వినకనా?
వినికిడి లోపాన్ని గుర్తించడం, దానితో చక్కగా జీవించడం

ధర్మపురి జిల్లా పెరియంపట్టి నుండి కొడుకు ఇంటికి పట్నం వచ్చిన ఒక అవ్వను ఊహించుకుందాం. ఊళ్లో ఉన్నంతకాలం ఇంట్లో తెలుగు, సంతలో తమిళం మాట్లాడుతూ ఆమె ఏ ఇబ్బందీ పడలేదు. ఇక్కడికి వచ్చాక రేషన్ దుకాణంలో ఒకటి అడిగితే మరొకటి చెబుతున్నది. పొరుగువారు పలకరిస్తే నవ్వి ఊరుకుంటున్నది. “అవ్వకు ఇక్కడివాళ్ల తమిళం అర్థం కావడం లేదు” అని ఇంట్లోవారు సరిపెట్టుకుంటారు. నలభై ఏళ్లుగా వచ్చిన భాష ఉన్నట్టుండి ఎట్లా పోతుంది? పోయినది భాష కాకపోవచ్చు, వినికిడి కావచ్చు. ఈ రెండింటి తేడాను గుర్తుపట్టడమే ఈ పాఠం ఉద్దేశం.

చెవిలో జరిగేది

ధ్వని కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలికను మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి చేరుస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఉండే కోక్లియాలోని రోమకణాలు దానిని నాడీ సంకేతంగా మార్చి మెదడుకు పంపుతాయి. గుబిలి అడ్డుపడినందువల్లనో, చెవికి చీము పట్టినందువల్లనో కలిగిన లోపం చాలావరకు చికిత్సకు లొంగుతుంది. వయసు వలన గాని, ఏళ్ల తరబడి విన్న పెద్ద శబ్దాల వలన గాని రోమకణాలు నశిస్తే మాత్రం అవి మళ్లీ పుట్టవు. రాతి కోత యంత్రాల దగ్గర, మరమగ్గాల దగ్గర పనిచేసేవారికి ఈ ముప్పు ఎక్కువ. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెళ్లకు మించిన శబ్దంలో ఉండేవారు చెవి రక్షణ ధరించడం అవసరం. శబ్దం వలన కలిగే వినికిడి లోపం 1948 నాటి కర్మాగారాల చట్టపు మూడవ షెడ్యూలులోని వ్యాధుల జాబితాలో ఉండేది.

మొదట జారిపోయే అక్షరాలు

వయసుతో గాని, శబ్దంతో గాని వచ్చే లోపంలో సాధారణంగా ముందు దెబ్బతినేది హెచ్చు స్థాయి ధ్వనులను వినే శక్తి. అచ్చులు బలమైన ధ్వనులు గనుక చెవిని చేరుతాయి. స, శ, చ, త వంటి హల్లులు బలహీనమైనవి గనుక జారిపోతాయి. “సారు”, “చారు”, “కారు” అన్న మాటలలో తేడా మొదటి హల్లులోనే ఉన్నది. “చాలు” అంటే “పాలు” అని వినిపించడానికీ కారణం ఇదే. అందుకే “మాట వినపడుతోంది, కానీ ఏమన్నారో తెలియడం లేదు” అని పెద్దలు అంటారు. ఆ మాటను నమ్మాలి.

మాతృభాషలో మాట్లాడుకునేటప్పుడు జారిన అక్షరాన్ని మెదడు సందర్భాన్నిబట్టి పూరించుకుంటుంది. నేర్చుకున్న భాషలో, అందులోనూ బస్టాండు రొదలో, ఆ పూరణ అంత సులభం కాదు. కాబట్టి ఇంటి తెలుగులో దాగి ఉన్న లోపం వీధి తమిళంలో ముందుగా బయటపడుతుంది. భాష రాదన్న పొరపాటుకు మూలం ఇక్కడే ఉన్నది.

పరీక్ష, సహాయం

ధర్మపురి ప్రాంతంవారు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగాన్ని సంప్రదించవచ్చు. ఇతర పట్టణాలలోనివారు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. “పీప్” అనే ధ్వనులతో చేసే పరీక్షకు భాషతో పనిలేదు. మాటలు వినిపించి చేసే పరీక్షకు మాత్రం భాషతో పని ఉన్నది. కాబట్టి ఇంటి భాష తెలుగని ముందే చెప్పండి. తమిళంలో “కాదు” అంటే చెవి అని గుర్తుంచుకోండి. వైద్యుడు “కాదు” అన్నప్పుడు నిరాకరించాడనుకోవద్దు. “కాదు సరియా కేక్కలే, మెదువా సొల్లుంగ” (చెవి సరిగా వినపడదు, నిదానంగా చెప్పండి) అన్న వాక్యం నేర్చుకుంటే ఏ కార్యాలయంలోనైనా ఉపయోగపడుతుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోనూ 60 నుండి 70 డెసిబెళ్ల లోపం ఉంటే తక్కువ వినికిడిగా, 70 డెసిబెళ్ల లోపం ఉంటే చెవుడుగా పరిగణిస్తారు. గుర్తింపు కార్డు గురించీ, ఆదాయాన్నిబట్టి ఉచితంగా లేదా తగ్గింపు ధరకు లభించే పరికరాల గురించీ జిల్లా “మాట్రుత్తిరనాళిగళ్ నల అలువలగం”లో అడగవచ్చు. కార్డు రాని స్వల్ప లోపానికీ వైద్యసలహా అవసరమే. 2024లో లాన్సెట్ కమిషన్ మతిమరుపు వ్యాధికి దారితీసే, మనం మార్చుకోగల 14 కారణాలలో వినికిడి లోపాన్ని ఒకటిగా చేర్చింది.

ఒక చెవి హఠాత్తుగా వినపడకపోతే ఆలస్యం చేయక ఆ రోజే వైద్యుని చూడాలి. చెవిలో వేడి నూనె పోయరాదు, అగ్గిపుల్ల గాని పిన్నీసు గాని పెట్టరాదు.

ఇంట్లో అలవరచుకోవలసినవి

“చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు” అన్న సామెతను ఎగతాళికి వాడుతుంటారు. నిజానికి అరవడం వలన మాట పెద్దదవుతుంది గాని స్పష్టం కాదు. పెద్దలతో మాట్లాడేటప్పుడు ఈ పద్ధతులు పాటించండి:

• ముందు భుజం తట్టి, మీ ముఖంపై వెలుతురు పడేటట్లు ఎదురుగా నిలబడండి.
• టీవీ ఆపి, ఒకరి తర్వాత ఒకరు నిదానంగా మాట్లాడండి.
• అర్థం కాకపోతే అదే మాట పదిసార్లు చెప్పక, వాక్యం మార్చి చెప్పండి.
• “ఏమన్నారు?” అని అడిగినప్పుడు “ఏమీ లేదులే” అనకండి. ఆ జవాబు వారిని సంభాషణ నుండి వెలివేస్తుంది.

వినికిడి యంత్రం పెట్టుకున్న నాడే అన్నీ సరిగా వినపడవు. గిన్నెల చప్పుడు, సొంత గొంతు కూడా మొదట వింతగా తోస్తాయి. ఇంట్లో రోజుకు కొన్ని గంటలతో ఆరంభించి, వారాల మీద అలవాటు చేసుకోవాలి. స్నానానికీ నిద్రకూ ముందు దానిని తీసి పొడిగా ఉంచాలి.

సాధన

1. వీపు వెనుక నిలబడి మామూలు గొంతుతో “చారు”, “కారు”, “సారు”, “పాలు”, “చాలు” అనే మాటలు చెప్పి, ఇంట్లోని పెద్దలను తిరిగి చెప్పమనండి. రెండు మూడు తప్పితే పరీక్షకు తీసుకువెళ్లండి.
2. తమిళం రాదని మీరు అనుకున్న పెద్దలు ఊళ్లో ఆ భాష మాట్లాడేవారా? జ్ఞాపకం చేసుకోండి.
3. ఈ వారంలో మీరు “ఏమీ లేదులే” అన్న సందర్భం ఒకటి గుర్తుచేసుకొని, ఆనాడు దాటవేసిన మాటను వారికి ఇప్పుడు చెప్పండి.