డబ్బు ముట్టిందా? ఇంకా ముట్టాలా?

గురువారం సాయంత్రం. ఇల్లు కట్టే చోట పని ఆగింది. ఆరుగురు ఆడకూలీలు కాళ్లూ చేతులూ కడుక్కున్నారు. ఇంతలో మేస్త్రీ వోచర్ల పుస్తకం పట్టుకొని వచ్చాడు.

"అందరూ సంతకాలు పెట్టండి. ఆరు రోజుల కూలి, మనిషికి 2,400. డబ్బులు శనివారం ఇస్తా" అన్నాడు.

ఐదుగురు పెట్టేశారు. సంతకం పెట్టడమంటే వాళ్లకు సంబరం. మొన్నమొన్నటిదాకా వేలిముద్ర వేసిన చేతులు కదా!

ఆరో ఆమె అందరిలోకీ పెద్దది. ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. తెలుగయితే కూడబలుక్కొని చదివేది. అది ఇంగ్లీషు. అంకెలు మాత్రం తెలిశాయి. అప్పుడే మనవరాలు బడి నుంచి అటుగా వచ్చింది. ఆ పిల్ల ఏడో తరగతి.

"ఇందులో ఏం రాసుందో చూడమ్మా."

"రిసీవ్డ్ అని ఉంది నాయనమ్మా. పక్కన 2,400 వేశారు."

"అంటే?"

"రిసీవ్ అంటే పుచ్చుకోవడం. రిసీవ్డ్ అంటే పుచ్చుకున్నాను అని. అయిపోయిన పని."

"నేనింకా పుచ్చుకోలేదుగా!"

ఆమె కాగితం తిరిగి ఇచ్చేసింది. "మేస్త్రీ బాబూ, డబ్బు ముట్టిందని రాసుంది. ముట్టినాక పెడతాను."

"అదేంటి పెద్దమ్మా! నా మీద నమ్మకం లేదా? అన్నిచోట్లా ఇట్లాగే రాస్తారు."

"నీ సంగతి కాదు బాబూ. జరగనిది జరిగిందని రాస్తే దాని మీద నేనెట్లా పెట్టేది?"

మేస్త్రీ గొణుక్కుంటూ వెళ్లాడు. శనివారం రాలేదు. సోమవారం వచ్చాడు. పెద్దామెకు 2,400 ఇచ్చాడు. ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది. సంతకం పెట్టి, పక్కన ఆ రోజు తేదీ తన చేత్తో వేసింది. మిగిలిన ఐదుగురికీ 1,500 చొప్పున ఇచ్చాడు. "తక్కింది తర్వాత చూద్దాం" అన్నాడు. వాళ్లు గట్టిగా అడిగారు. వోచర్లు తీసి చూపించాడు. వాటిలో మొత్తం ముట్టినట్టే ఉంది. కింద సంతకాలు వాళ్లవే. తక్కిన 900 కోసం వాళ్లు మూడు వారాలు తిరిగారు.

మేస్త్రీ నోటితో అన్నది "ఇస్తా". కాగితం మీద ఉన్నది "పుచ్చుకున్నాను". తేడా అంతా అక్కడే ఉంది.

పనిని చెప్పే మాటను క్రియ అంటారు. పని ఎప్పటిదో క్రియ చూస్తే తెలుస్తుంది. "ఇచ్చాను" అంటే పని అయిపోయింది. "ఇస్తాను" అంటే ఇంకా కాలేదు. "చ్చా", "స్తా" – మారింది ఒక్క అక్షరం. రాసేటప్పుడు చెయ్యి తడబడితే అప్పు తీరినట్టయినా అవుతుంది, తీరనట్టయినా అవుతుంది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. "సంఘానికి 100 రూపాయలు ఇస్తాను" అని రాశారనుకోండి. నెలనెలా ఇచ్చే అలవాటా? ఇకముందు ఇస్తామన్న మాటా? రెండింటికీ తెలుగులో "ఇస్తాను" ఒక్కటే. ఇంగ్లీషులో వేరువేరుగా రాస్తారు. అలవాటుగా ఇస్తుంటే "ఐ పే". ఇకముందు ఇవ్వబోతుంటే "ఐ విల్ పే". "విల్" అన్న మాట కనిపిస్తే పని ఇంకా కాలేదని గుర్తు. మనకు అలాంటి మాట లేదు. అందుకని "నెలనెలా" అనో, "వచ్చే నెల 5వ తేదీన" అనో రాయాలి. తేదీ లేకుండా "ఇస్తాను" అని రాస్తే అది ఎప్పటికీ "ఇస్తాను" గానే ఉండిపోతుంది.

తెలంగాణలో "పైసలు ఇచ్చిన" అంటే "ఇచ్చాను" అని అర్థం. అందులో తప్పేమీ లేదు. కోస్తా వాళ్లు మాత్రం "ఇచ్చిన" తర్వాత ఇంకో మాట కోసం చూస్తారు. ఇచ్చిన డబ్బా? ఇచ్చిన మనిషా? అందుకే కాగితం మీద "ఇచ్చినాను" అని పూర్తిగా రాస్తే ఎవరు చదివినా ఒకే అర్థం వస్తుంది.

ఇంగ్లీషులో అయిపోయిన పనికి చాలా మాటల చివర ఇ, డి అనే రెండు అక్షరాలు వస్తాయి. రిసీవ్, రిసీవ్డ్. సైన్, సైన్డ్. కొన్ని మొండి మాటలు ఈ దారిన పోవు. గివ్ అంటే ఇవ్వడం. ఇచ్చాను అనాలంటే గేవ్. టేక్ అంటే తీసుకోవడం. తీసుకున్నాను అనాలంటే టుక్. ఇవి ఒక్కొక్కటే నేర్చుకోవాలి. పే అంటే చెల్లించడం, పెయిడ్ అంటే చెల్లించారు. బిల్లు మీద "పేయబుల్" అని ఉంటే ఆ డబ్బు ఇంకా కట్టాలి. కట్టాక "పెయిడ్" అని ముద్ర వేస్తారు. ముద్ర లేకపోతే రసీదు అడిగి తీసుకోండి.

పిల్లల చేత ఇంగ్లీషులో అర్జీ రాయించేటప్పుడు ఒకటి గమనించండి. డబ్బు ముట్టలేదు అని రాయమంటే చాలామంది "ఐ డిడ్ నాట్ రిసీవ్డ్" అని రాస్తారు. పెద్ద చదువులు చదివినవాళ్లూ రాస్తారు! అది తప్పు. "ఐ డిడ్ నాట్ రిసీవ్" అని రాయాలి. అయిపోయిన కాలం "డిడ్" లోనే ఉంది. మళ్లీ "డ్" అక్కర్లేదు.

ఇప్పుడు ఒక వంద రూపాయల నోటు తీసి చూడండి. దాని మీద ఇంగ్లీషులో "ఐ ప్రామిస్ టు పే" అని ఉంటుంది. ఈ నోటు తెచ్చినవారికి వంద రూపాయలు చెల్లిస్తానని మాట ఇస్తున్నాను అని అర్థం. కింద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉంటుంది. గవర్నరు "ఇచ్చాను" అనలేదు. "ఇస్తాను" అన్నాడు.

ప్రామిసరీ నోటు కూడా అలాంటి మాటే. దానికి 1881లోనే చట్టం చేశారు. మన ఊళ్లలో రాసే నోటులో రెండు క్రియలు చూడాలి. "రొక్కం ముట్టినది" అన్నది అయిపోయిన పని. "చెల్లించగలదానను" అన్నది ఇక చేయవలసిన పని. మొదటిది నిజం కాకముందే సంతకం పెడితే, తీసుకోని అప్పు నెత్తిన పడుతుంది. ఖాళీ నోటు మీద అసలే పెట్టకూడదు. అందులో క్రియ లేదు, అంకె లేదు. తర్వాత ఎవరు ఏది రాసినా సంతకం మీదే. అప్పులో కొంత కడితే తేదీ, మొత్తం రాసి, "ముట్టినవి" అని అప్పు ఇచ్చినవారి చేత సంతకం చేయించుకోండి. అంతా తీరాక నోటు మీద "చెల్లు" రాయించి వెనక్కి తీసుకోండి.

ఆ ఐదుగురిలో ఒకామె తర్వాతి వారం వోచరు మీద సంతకం పెట్టేముందు తెలుగులో ఒక ముక్క రాసింది. "ఈ రోజు 1,500 రూపాయలు ముట్టినవి. ఇంకా 900 రావాలి." అక్షరాలు వంకరగా వచ్చాయి. మేస్త్రీ చదివాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. జేబులో చెయ్యి పెట్టాడు.

మీరు రాయండి:

ఈ నెలలో మీకు ముట్టిన డబ్బు గురించి ఒక వాక్యం రాయండి. రావలసిన డబ్బు గురించి ఒక వాక్యం రాయండి. రెండింటికీ తేదీ వేయండి. పక్కామె చేత చదివించండి. ఏది ముట్టిందో, ఏది ముట్టాలో ఆమెనే చెప్పమనండి.