బాలింతకు అత్తయ్య ఉత్తరం

గుడివాడ

చి.ల.సౌ. లావణ్యకు మేనత్త ఆశీస్సులు.

నువ్వు రాత్రి పెట్టిన మెసేజ్ పొద్దున చూశాను. పాలు చాలడం లేదని, పాపను ఒళ్లోకి తీసుకుంటేనే భయం వేస్తోందని, డబ్బా పాలు పట్టమని ఒకరు, ఇంజక్షను వేయించుకోమని ఒకరు చెబుతున్నారని రాశావు. ఫోన్లో మాట్లాడితే నీ చుట్టూ ఉన్నవాళ్లు మధ్యలో అందుకుంటారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగమంతా ప్రసూతి వార్డులోనే చేసినదాన్ని, కాస్త నా మాట చెవిన పెట్టు.

పాలు తయారవడం వేరు, బయటికి రావడం వేరు. తయారుచేయించేది ప్రొలాక్టిన్, బయటికి నెట్టేది ఆక్సిటోసిన్. ఈ ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లోని నాడీకణాలు దాన్ని తయారుచేసి, పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి రక్తంలోకి వదులుతాయి. పాప రొమ్ము పట్టగానే నరాల ద్వారా మెదడుకు కబురు వెళ్తుంది. ఆక్సిటోసిన్ విడతలు విడతలుగా రక్తంలో కలుస్తుంది. రొమ్ములో పాలు నిండిన తిత్తుల చుట్టూ ఉన్న సన్నటి కణాలు బిగుసుకుని పాలను నాళాల్లోకి నెడతాయి. చేపు రావడమంటే ఇదే. కొందరు తల్లులకు పక్కగదిలో బిడ్డ ఏడిస్తే చాలు, రవిక తడిసిపోతుంది. బిడ్డ నోరు తగలకముందే మెదడు పని మొదలుపెట్టేసిందన్నమాట.

మొదలుపెట్టగల మెదడు ఆపనూ గలదు. 1941లో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు పాలు పితికే వేళకు ఆవు వీపు మీద పిల్లిని కూర్చోబెట్టి, పక్కన కాగితం సంచులు ఢామ్మని పేల్చారు. పొదుగు నిండుగానే ఉన్నా ఆవు బెదిరిపోయి చేపలేదు. 1948లో నైల్స్ న్యూటన్, మైకేల్ న్యూటన్ దంపతులు ఇలాంటి పరీక్షే పాలిచ్చే తల్లి మీద చేశారు. ఆమె ప్రశాంతంగా ఉన్నప్పుడు బిడ్డ తాగిన పాలు 168 గ్రాములు. పాదాలు మంచునీళ్లలో పెట్టించి, లెక్కలడిగి చికాకు పెడితే 99 గ్రాములకు పడిపోయాయి. అదే చికాకులో ఆక్సిటోసిన్ ఇంజక్షను ఇస్తే మళ్లీ 153కు వచ్చాయి. పాలు ఎక్కడికీ పోలేదు, చేపు ఆగిందంతే.

ఇప్పుడు మీ ఇంటి సంగతి చూడు. వచ్చిన ప్రతి మనిషీ మంచం పక్కన నిలబడి “పాలు పడ్డాయా?” అని అడగడం, “మా కోడలికైతే ధారలు కట్టేవి” అనడం. అది నీ కాళ్లు మంచునీళ్లలో ముంచడం కాక మరేమిటి?

కాబట్టి పాలిచ్చేటప్పుడు గదిలో మీ అమ్మో, మీ ఆయనో, ఒక్కరు చాలు. తలుపు వేసుకో. పాపకు చొక్కా విప్పి, ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెల మీద పడుకోబెట్టుకుని పైన దుప్పటి కప్పుకో. ఆ స్పర్శకు కూడా ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. కుట్ల నొప్పిని పంటి బిగువున ఓర్చుకోకు, డాక్టరుకు చెప్పి మందు వేసుకో. నొప్పి చేపుకు శత్రువు. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టు. రాత్రి పాలు మానొద్దు, ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది.

పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తోందన్నావు. అదీ ఆక్సిటోసిన్ పనే. గర్భసంచి బిగుసుకుని, రక్తస్రావం తగ్గి, మామూలు స్థితికి వస్తోంది. హెన్రీ డేల్ 1906లో పిట్యూటరీ సారానికి పిల్లి గర్భసంచిని బిగించే గుణం ఉందని రాశాడు. ఆక్సిటోసిన్ నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విన్యోకు 1955లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. కాన్పు కాగానే తల్లికి ఇచ్చే 10 యూనిట్ల ఇంజక్షను అదే. దాన్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండకు పెడితే పస తగ్గుతుంది. వార్డులో మేం ఆ ఫ్రిజ్‌ను కంటికి రెప్పలా చూసుకునేవాళ్లం.

“పశువులకు వేసే ఇంజక్షనే నీకూ వేయిస్తే సరి” అన్నావిడ మాట మాత్రం పట్టించుకోకు. దూడను విడిచి, అది పొదుగు కుమ్మి గేదె చేపేదాకా ఆగే ఓపిక లేనివాళ్లు ఆక్సిటోసిన్‌తో చేసే పని అది. ఆ దుర్వినియోగం ఆపాలని 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు ఆక్సిటోసిన్ తయారుచేయకూడదంది. కాన్పుల్లో రక్తస్రావం ఆపే మందుకు కరువొస్తుందన్న ఆందోళన పుట్టి, వ్యవహారం కోర్టుకెక్కింది. ఆ డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆసుపత్రిలో ప్రాణాలు కాపాడే మందే, కానీ ఇంట్లో ఎవరో చెప్పారని పొడిపించుకునేది కాదు.

మెసేజ్ చివర్లో రాసిన మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. పాపను చూస్తే అందరూ చెప్పినంత ప్రేమ పొంగలేదని, నీలో ‘లవ్ హార్మోన్’ తక్కువేమోనని. ఆ పేరు పత్రికలు పెట్టినది. 2005లో స్విట్జర్లాండ్‌లో ఆక్సిటోసిన్ ముక్కులో కొడితే మనుషులకు ఎదుటివాళ్ల మీద నమ్మకం పెరిగిందని ఒక పరిశోధన వచ్చింది. తర్వాత చేసినవాళ్లకు ఆ ఫలితం నిలకడగా రాలేదు. ప్రేరీ వోల్ అనే చిట్టెలుకలాంటి జంతువు జీవితాంతం ఒకే జంటగా ఉండడానికి కారణం ఆక్సిటోసినేనని చాలాకాలం అనుకున్నారు. 2023లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఆ హార్మోను అందుకునే గ్రాహకమే లేకుండా వోల్‌లను పుట్టించారు. అవీ జంటలు కట్టాయి, పిల్లల్ని కన్నాయి. ప్రేమ ఒక్క అణువు మీద ఆధారపడి లేదు తల్లీ. నిద్రలేని కళ్లతో, కుట్లతో, అర్ధరాత్రి లేచి గుడ్డలు మారుస్తున్నావే, అది ప్రేమ కాక ఏమిటి? కొందరికి మొదటి చూపులోనే పొంగుతుంది, కొందరికి నెల పడుతుంది. మొదటి వారంలో ఊరికే కన్నీళ్లు రావడం మామూలే. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా పాపను ఏమైనా చేయాలనో, నువ్వే ఏమైనా చేసుకోవాలనో అనిపిస్తే, ఆ క్షణమే డాక్టరుకు చెప్పు. అది జబ్బు, నీ తప్పు కాదు.

పాలు చాలుతున్నాయో లేదో పాపే చెబుతుంది. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఒంటికి పోతే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి తూకానికి వస్తే, నీ పాలు సరిపోతున్నట్టే. అలా కాకపోతే డాక్టరు చూసి డబ్బా పాలు రాయొచ్చు, అదేమీ పాపం కాదు. పక్కింటివాళ్లు రాస్తే మాత్రం వద్దు.

ఈ ఉత్తరం మీ అమ్మ చేత గట్టిగా చదివించు, చూడవచ్చినవాళ్లంతా వినేలా. బాలింతకు పత్యం పెట్టడంలో మన ఇళ్లలో లోటుండదు, నిమ్మళం ఇవ్వడంలోనే లోటు. అది నీ చుట్టూ ఉన్నవాళ్ల పని, నీది కాదు. పాప తూకం తగ్గుతూనే ఉన్నా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా నాకు ఫోన్ చేసి సలహా అడగొద్దు, తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఇట్లు,
మీ అత్తయ్య