కెమెరాలోని చప్పుళ్లు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఇటీవల మా అబ్బాయి నాకొక కొత్త ఫోను కొనియిచ్చినాడు. దానిని చెవిదగ్గర నుంచుకొని కొంచెము ఊపినచో, కెమెరా యున్నచోట ఏదో వదులైన వస్తువు కొట్టుకొనుచున్నట్లు టకటకమని చప్పుడు వినవచ్చుచున్నది. మా వీధిలోని మరమ్మతు దుకాణమువారు లెన్సు ఊడినదనియు, కెమెరా మొత్తము మార్చవలెననియు చెప్పుచున్నారు. ఏమి చేయుమందురు?
— ఒక ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: అమ్మా, మరమ్మతునకు ఒక్క రూపాయియైన ఇచ్చుటకు ముందు ఈ చిన్న పరీక్ష చేసి చూడుడు. నిశ్శబ్దముగా నున్న గదిలో, ఫోనునకు తొడిగిన కవరు తీసివేసి, ప్రక్కనుండు బటన్లు కదలకుండునట్లు వ్రేళ్లతో నదిమిపట్టి, తెర ఆరియుండగా మెల్లగా అటునిటు ఊపి ఆ చప్పుడు వినుడు. పిమ్మట కెమెరాను తెరచి, తెరమీద బొమ్మ కనబడుచుండగా అదే విధముగా ఊపి మరల వినుడు. తెరచినంతనే చప్పుడు ఆగిపోయినచో, లేక చాలవరకు తగ్గిపోయినచో, మీ ఫోనులో లెన్సు ఊడలేదు. అది తన పని తాను చేయుచున్నది.

చేయి వణకినను బొమ్మ చెదరకుండుటకై, ఈనాటి మంచి ఫోన్లలో లెన్సును గట్టిగా బిగింపక, అతి సన్నని తీగలమీదనో పలుచని స్ప్రింగులమీదనో, మిల్లీమీటరులో కొద్దిభాగము మేర ప్రక్కలకు కదలునట్లు తేలవిడిచి యుంతురు. దానిచుట్టును రాగితీగ చుట్టలును చిన్న అయస్కాంతములును అమర్చబడి యుండును. జైరోస్కోపు అను పరికరము చేతివణకును కనిపెట్టి తెలుపగా, ఆ వణకునకు ఎదురుదిక్కుగా లెన్సును జరుపుటకు కావలసినంత విద్యుత్తు ఆ చుట్టలలోనికి ప్రవహించును; లౌడ్‌స్పీకరును మ్రోగించు సూత్రమే ఇచ్చట లెన్సును నడిపించుచున్నది. కెమెరా మూసియున్నంతసేపు ఆ చుట్టలలో విద్యుత్తు ఉండదు గనుక, మనిషి కూర్చుండని ఉయ్యాలబల్ల గాలికి ఊగి గోడను తాకినట్లు, లెన్సు తన గూటి అంచులను తాకుచుండును. తెరచిన మరుక్షణమే అయస్కాంతబలము దానిని నడుమకు తెచ్చి నిలబెట్టును, చప్పుడు అణగిపోవును.

మీ పాత ఫోను ఇట్లు చప్పుడు చేయలేదని మీకు తోచవచ్చును. దానిలో ఈ ఏర్పాటు లేకుండుటయే అందుకు కారణమై యుండును. 2012లో నోకియా సంస్థ లూమియా 920 అను ఫోనులో దీనిని ప్రవేశపెట్టినది; 2014లో ఐఫోన్ 6 ప్లస్‌లోనికి వచ్చినది; ఇప్పుడు మధ్యతరగతివారు కొనగల వెలలోని ఫోన్లలోను కనబడుచున్నది.

రెండు మూడు లెన్సులు గల ఫోన్లలో ఒక చిక్కు కలదు. మీరు కెమెరా తెరచినపుడు మేల్కొనునది ప్రధానమైన లెన్సు. దూరపు వస్తువులను దగ్గరకు తెచ్చు లెన్సునకు గూడ ఇట్టి ఏర్పాటే యుండి, అది ఇంకను విద్యుత్తు లేక ఊగులాడుచుండవచ్చును. అందుచే చప్పుడు కొంత మిగిలినచో వెంటనే బెదరక, పగటి వెలుతురులో ఫోనును దూరముగానున్న ఏ చెట్టువైపునకో త్రిప్పి, తెరమీద 3 రెట్లు, 5 రెట్లు అని చూపు గుర్తులను తాకి, ఆ లెన్సు పనిచేయుచుండగా మరల వినవలెను. చీకటిలోను, మరీ దగ్గరి వస్తువులకును అనేక ఫోన్లు ఆ లెన్సును వాడక ప్రధానమైన దానితోనే పని జరుపుకొనును గనుక, వెలుతురును దూరమును అవసరమని చెప్పుచున్నాను.

ఇక నిజమైన దోషమును చెవితో గాక కంటితో పట్టవలెను. వార్తాపత్రికలోని ఒక పుటను గోడకు అంటించి, ఫోనును పుస్తకములకు ఆనించి కదలకుండ నిలిపి, ఫోటో తీసి, దానిని పెద్దదిగా చేసి చూడుడు. ఒక ప్రక్క అక్షరములు మాత్రమే మసకబారియున్నను, ఫోను నిశ్చలముగా నున్నపుడు తెరమీది బొమ్మ వణకుచున్నను, ఫోకస్ ముందునకు వెనుకకు పోవుచు ఎచ్చటను నిలువకున్నను, అప్పుడు సర్వీసు సెంటరునకు పోవుట యుక్తము. ఫోను క్రిందపడిన నాటినుండియే చప్పుడు మొదలైనచో ఈ పరీక్షను మరింత శ్రద్ధతో చేయవలెను. బొమ్మ చక్కగా నున్నంతకాలము, కేవలము చప్పుడును విని కెమెరా మార్చుమని చెప్పువారికి మీ కష్టార్జితము నీయవలదు.

ప్రశ్న: నా ఫోనులో ముందు కెమెరా పైకి లేచి వచ్చునట్టిది. లేచునపుడును దిగునపుడును సన్నని మ్రోత వినబడుచున్నది. కొన్ననాటికంటె ఇప్పుడు కొంచెము గరగరమనుచున్నది.
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 2018లో వచ్చిన వివో నెక్స్, 2019లో వచ్చిన వన్‌ప్లస్ 7 ప్రో మొదలగు ఫోన్లలో నిజముగానే ఒక చిన్న మోటారు ఉండి కెమెరాను ఎత్తి దించుచుండును. దాని మ్రోత సహజము. గరగర యన్నది చాలవరకు దుమ్ము, ఇసుకల ఫలితము. సముద్రతీరమున తిరుగువారు మరింత జాగ్రత్తపడవలెను. కెమెరాను పైకి లేపి, పొడిగానున్న మెత్తని కుంచెతో చుట్టును తుడువుడు. నూనె చుక్కలు వేయవలదు, బలవంతముగా వ్రేలితో నొక్కవలదు. సగములో ఆగిపోవుచున్నచో మరమ్మతునకు ఇయ్యవలసినదే.

ప్రశ్న: నేను మోటారు సైకిలుమీద తిరిగి ఇండ్లకు భోజనములు చేరవేయుదును. దారి చూచుకొనుటకై ఫోనును హ్యాండిలుకు బిగించిన స్టాండులో నుంచుదును. కొంతకాలముగా కెమెరా తెరువగానే లోపల గుర్రుమని మ్రోత; తెరమీద బొమ్మ అలలు అలలుగా కదలుచున్నది. పార్సిలు అందించినట్లు ఫోటో తీసి పంపుట నాకు తప్పనిసరి. అవి మసకగా వచ్చుచున్నవి.
— ఒక యువకుడు, వరంగల్లు

జవాబు: నాయనా, ముందు చెప్పిన టకటకకును మీరు వ్రాసిన మ్రోతకును చాల భేదము కలదు. కెమెరా మూసియున్నపుడు వినబడి తెరచినపుడు ఆగునది సహజము. తెరచినపుడు మొదలై బొమ్మను గూడ వణకించునది దోషము. ఇంజను పుట్టించు అదురు బండి చట్రము గుండ హ్యాండిలునకును, హ్యాండిలునుండి స్టాండునకును, స్టాండునుండి ఫోనునకును చేరి, లెన్సును మోయు ఆ సుకుమారమైన ఏర్పాటును దినమంతయు కుదుపుచుండును. 2021 సెప్టెంబరులో యాపిల్ సంస్థయే తన ఫోన్లను గూర్చి ఈ హెచ్చరికను ప్రకటించినది: శక్తిమంతమైన ఇంజనులు గల మోటారు సైకిళ్లకు ఫోనును బిగించినచో ఆ అదురునకు కెమెరా పనితనము చెడవచ్చుననియు, స్కూటర్లు, మోపెడ్ల విషయములో గూడ అదురును మ్రింగు స్టాండును వాడుట మంచిదనియు తెలిపినది. ఇట్టి ఏర్పాటుగల ఏ సంస్థ ఫోనునకైనను ఆ హెచ్చరిక పనికివచ్చును.

మొదట ఒక సంగతి చూచుకొనుడు. మీ స్టాండులోగాని కవరులోగాని అయస్కాంతమున్నచో దానిని తీసివేసి, ఫోనును ఒకసారి ఆర్పి వెలిగించి మరల చూడుడు. లెన్సు ఎచ్చటనున్నదో కనిపెట్టు సెన్సారులు అయస్కాంతక్షేత్రమును బట్టియే పనిచేయును గనుక, బయటి అయస్కాంతము వానిని భ్రమింపజేయును. అది తొలగినంతనే బొమ్మ కుదుటపడవచ్చును. అప్పటికిని వణకుచున్నచో కెమెరా భాగమును మార్పించుట తప్ప దారి లేదు. ఫోనును అరచేతిపై తట్టినచో సరియగునని కొందరు చెప్పుదురు. ఒక్కక్షణము సరియైనట్లు కనబడినను ఆ దెబ్బలు మిగిలినదానిని గూడ చెరచును, అట్లు చేయవలదు. కొత్త కెమెరా వేయించిన పిమ్మట, ఫోనును జేబులో నుంచుకొని దారిని ఒక చెవిలోని ఇయర్‌ఫోనులో వినుటయో, అదురును మ్రింగు స్టాండును వాడుటయో, ఇంట పాతఫోను పడియున్నచో దానిని మాత్రమే హ్యాండిలునకు బిగించుటయో చేయుడు. ఈ ఫోను మీ జీవనాధారము. దాని విషయములో ఈ కొద్ది వ్యయము వ్యర్థము కాదు.

ప్రశ్న: ఫోనుతో వచ్చిన కెమెరా నిశ్శబ్దముగా, నిశ్చలముగా పనిచేయుచున్నది. కాని వేరొక యాప్‌లో కెమెరా తెరచినపుడు మాత్రము బొమ్మ గజగజ వణకి, లోపల గీరుకొనుచున్నట్లు చప్పుడగుచున్నది.
— ఒక విద్యార్థి, విశాఖపట్నము

జవాబు: ఒక యాప్‌లో కనబడి మరియొకదానిలో కనబడని జబ్బు చాలవరకు సాఫ్ట్‌వేరుదే. 2022 సెప్టెంబరులో ఐఫోన్ 14 ప్రో వెలువడిన కొలదిదినములకే స్నాప్‌చాట్, ఇన్‌స్టాగ్రామ్ వంటి యాప్‌లలో సరిగా నిట్లే జరిగినది: కెమెరా వణకి బిగ్గరగా చప్పుడు చేసినది. అదే నెలలో వచ్చిన ఐఓఎస్ 16.0.2 అను అప్‌డేట్‌తో ఆ బాధ తీరినది. ఎవరును స్క్రూడ్రైవరు పట్టవలసిన పని లేకపోయినది. మీరును ఫోను సాఫ్ట్‌వేరును, ఆ యాప్‌ను అప్‌డేట్ చేసి చూడుడు. అంతవరకు ఆ యాప్‌లో కెమెరాను తెరువవలదు. కారణము సాఫ్ట్‌వేరే యైనను, కొట్టుకొనునది నిజమైన లెన్సే గదా.

ప్రశ్న: మా అమ్మాయి వయొలిన్ వాయించుచుండగా వీడియో తీసితిని. ఎదుట కూర్చున్నపుడు వినబడని టిక్కుటిక్కుమను శబ్దములు వీడియోలో వినబడుచున్నవి.
— ఒక గృహిణి, విజయనగరము

జవాబు: కమాను కదలినపుడెల్ల ఫోను ఫోకస్‌ను మార్చుకొనుచు లెన్సును జరుపును; మైకు ఆ లెన్సునకు అతి సమీపమున నుండును గనుక, మీ చెవికి అందని సవ్వడిని అది గ్రహించును. వాయించుట మొదలగుటకు ముందే, తెరమీద అమ్మాయి ముఖముపై వ్రేలిని కొన్ని క్షణములు అదిమియుంచినచో అనేక ఫోన్లలో ఫోకస్ అచ్చటనే నిలిచిపోవును. ఫోనును స్టాండుపై నిలుపుడు. వర్ణము ముగియువరకు లెన్సులు మార్చవలదు, జూమ్ చేయవలదు. వీలైనచో చిన్న మైకు నొకదానిని కొని వయొలిన్ దగ్గర నుంచినచో, శబ్దములు తొలగుటయే గాక తీగల నాదము గూడ నిండుగా వచ్చును.

ప్రశ్న: నా కొత్త ఫోనులో కెమెరా తెరచియున్నను చప్పుడు ఆగుట లేదు, బొమ్మయు వణకుచున్నది. సర్వీసు సెంటరువారు చెవిదగ్గర పెట్టుకొని విని, “ఇది అన్ని ఫోన్లలో నుండునదే” యని తిరిగి యిచ్చినారు.
— ఒక చిరుద్యోగి, కరీంనగరము

జవాబు: తెనాలి సోదరికి జరిగినదానికి ఇది తారుమారు, అచ్చట లేని దోషమును ఉన్నదనిరి, ఇచ్చట ఉన్నదానిని లేదనిరి. రెండుచోట్లను బొమ్మను చూచినవారు లేరు. ఫోనును బల్లపై కదలకుండ నిలిపి, తెరమీద వణకుచున్న బొమ్మ స్పష్టముగా కనబడునట్లు మరియొక ఫోనుతో వీడియో తీయుడు. బిల్లును ఆ వీడియోను తీసికొనిపోయి, ఫిర్యాదును “చప్పుడు” అని గాక “కెమెరా తెరచియుండగా బొమ్మ వణకుచున్నది” అని జాబ్ షీటులో వ్రాయించి, దాని ప్రతిని తప్పక తీసికొనుడు. వారంటీ గడువులోపల ఫిర్యాదు చేసినట్లు తేదీతో కూడిన కాగితము మీచేత నుండుట ముఖ్యము. అప్పటికిని నిరాకరించినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుడు. దానితోను తీరనిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద మీ జిల్లా కమిషను నాశ్రయింపవచ్చును.