ఇంటికి పచ్చరంగు – అందం వెనుక రసాయనం

ముదురు ఆకుపచ్చ తలుపులు, మీగడ రంగు గోడలు, అడుగున కావి పట్టీ. ఈ పొందిక మన పల్లెటూళ్ళకు పాతదే. ఇప్పుడు పట్నాల్లో కట్టే కొత్త ఇళ్ళలోనూ కనిపిస్తోంది. ఇది కంటికి ఎందుకు హాయిగా ఉంటుంది? ఆ పచ్చ దేనితో తయారవుతుంది? సైన్సు విద్యార్థులం గనుక కాస్త ఆలోచిద్దాం.

పగటి వెలుగులో మన కన్ను దాదాపు 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర, అన్నిటికన్నా చురుగ్గా పనిచేస్తుంది. మీగడ, ఇటుక, మట్టి రంగుల్లో ఎరుపు, పసుపు ఛాయలుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ ఎదురెదురు రంగులు. పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి ఎత్తి చూపుతాయి. అయితే ముదురు పచ్చ వెలుతురును చాలావరకు మింగేస్తుంది. చిన్న గదిలో నాలుగు గోడలకూ అదే వేస్తే పట్టపగలే దీపం పెట్టుకోవాలి! తలుపులకో, ఒక్క గోడకో వేస్తే చాలు.

ఇక రసాయనం సంగతి. 1775లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు షీలే రాగి, ఆర్సెనిక్ కలిసిన పచ్చరంగును తయారుచేశాడు. 1814లో జర్మనీలో అంతకన్నా నిగనిగలాడే పారిస్ గ్రీన్ వచ్చింది. ఇందులోనూ ఉన్నది ఆర్సెనిక్కే. 19వ శతాబ్దంలో యూరప్‌లో గోడలకు అంటించే కాగితాలకు ఇవే రంగులు వాడారు. ఆ గదుల్లో మనుషులు జబ్బుపడ్డారు. తరువాత అమెరికా రైతులు అదే పారిస్ గ్రీన్‌ను బంగాళాదుంప పైరు మీద పురుగుమందుగా చల్లారు. అంటే, పురుగుమందును గోడకు పూసుకొని దాని పక్కనే నిద్రపోయారన్నమాట!

ఆ తర్వాత వచ్చిన క్రోమ్ గ్రీన్‌లో రెండు సరుకులున్నాయి: లెడ్ క్రోమేట్ అనే పసుపు, ప్రష్యన్ బ్లూ అనే నీలం. నత్రజని పరీక్షలో మన పరీక్షనాళికలో కనిపించే నీలం ఇదే. క్షారం తగిలితే అది విరిగి గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే ఈ పచ్చ సున్నంలో నిలవదు. కావి అలా కాదు. అది ఐరన్ ఆక్సైడు, సున్నానికి చెక్కుచెదరదు. క్రోమియం ఆక్సైడు పచ్చ కూడా అంతే.

అసలు భయం సీసంతోనే. ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటరాదని మన దేశంలో 2016లో నియమాలు చేశారు, 2017 నవంబరు నుంచి అమలు చేశారు. కాని అంతకుముందు వేసిన రంగు తలుపుల మీద ఇంకా ఉంది గదా! అది పెచ్చులూడితే పాకే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, కొట్టంలో దూడలు నాకుతాయి. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, పశువుల ప్రాణాలూ తీస్తుంది.

సంక్రాంతికి ఇల్లు ముస్తాబు చేసే మిత్రులకు ఒక మనవి. పాత పచ్చరంగును పొడిగా గీకవద్దు, కాల్చి ఊడదీయవద్దు. నీళ్ళతో తడిపి ఉప్పుకాగితంతో రుద్దండి. పిల్లల్నీ పశువుల్నీ దూరంగా ఉంచండి. రాలిన పెచ్చుల్ని తడిగుడ్డతో ఎత్తండి. వాటిని పెంటకుప్పలో మాత్రం వేయకండి, ఆ ఎరువు రేపు చేలోకే పోతుంది. కొత్త డబ్బా కొనేటప్పుడు దాని మీద సీసం సంగతి ఏం రాశారో చదివి మరీ కొనండి.